మిషనుకి కొత్త చేసిన రోజు

సర్వేశ్వరరావు గారికి తొందర పుట్టుకతోనే వచ్చింది. బొబ్బిలి దగ్గర పల్లెలో నెలలు నిండకుండానే పుట్టేశారని వాళ్ళమ్మ చెప్పుకునేదట. అన్నం ముందు కూర్చుంటే చారు దాకా ఆగేవారు కాదు, కూర అవుతూనే మజ్జిగ పోయించుకునేవారు. జీపులో డ్రైవరు పక్కన కూర్చుని, ఘాటురోడ్డులో మలుపు రాకముందే తనే ఒరిగిపోయేవారు. అలాంటి ఇంజినీరు గారికి జోడుగెడ్డ డ్యామ్ మీద కంప్యూటరు పెట్టే పని అప్పజెప్పారు పైవాళ్ళు. ఎనభై ఏడో సంవత్సరం మాట. పెద్దాయనని అనకూడదు గాని, అసలే కోతి, ఆపైన కల్లు తాగింది అన్నట్టయింది.

అలాగని ఆ తొందరంతా పేరు కోసమే అనుకుంటే మనకి పాపం. అంతకు రెండేళ్ళ ముందు ఆయన కళ్ళముందు ఒక సంగతి జరిగింది. డ్యామ్‌కి దిగువన ఈతపుట్టు అని చిన్న ఊరుంది. ఊరు గెడ్డకి, అంటే కొండవాగుకి, ఈవల, ఆ ఊరి ఆడా మగా కూలికి పోయే కాఫీ తోటలు ఆవల. పొద్దున్న దాటిపోతారు, పొద్దువాలే వేళకి దాటివస్తారు. వంతెనా పాడూ లేదు, మోకాటిలోతు నీళ్ళలో రాళ్ళ మీద అడుగేసుకుంటూ దాటడమే. పైన కొండల్లో గట్టిగా వాన పడితే ఆ నీళ్ళు డ్యామ్‌కి చేరడానికి కాస్త వ్యవధి పడుతుంది. ఆలోపు కబురు తెలిస్తే ముందు సైరన్ మోగించి, జనం ఒడ్డెక్కాక నెమ్మదిగా గేట్లు ఎత్తొచ్చు. తెలియకపోతే నీళ్ళు ఒక్కసారి మీదకొచ్చి పడతాయి. డ్యామ్ నిలవాలంటే అప్పటికప్పుడు గేట్లు ఎత్తక తప్పదు.

ఆ ఏడు భాద్రపదంలో అదే జరిగింది. కొండమీది వైర్‌లెస్ సెట్టుకి బ్యాటరీ అయిపోయి కబురు రాలేదు. సైరనూ నీళ్ళూ ఒకేసారి చేరాయి ఈతపుట్టుకి. గెడ్డ నడిమధ్యలో ఉన్న మొగుడూ పెళ్ళాం కొట్టుకుపోయారు. మర్నాడు శవాలు ఒడ్డుకి తెచ్చినప్పుడు సర్వేశ్వరరావు గారు అక్కడ నిలబడి ఉన్నారు. తోటకి పోయే ఆడవాళ్ళు మధ్యాన్నం తిన్న అన్నంలో ఒక ముద్ద ఇంటి దగ్గర పిల్లకని మిగిల్చి, మూట కట్టి నడుముకి దోపుకుంటారు. ఆ ఇల్లాలి నడుముకి మూట అలాగే ఉంది. అంత వరదా ఆ ముడి విప్పలేకపోయింది. ఆ ముడి ఆయన మనసులో పడిపోయింది, ఇక పోలేదు.

అప్పటిదాకా వాన కబురు మనుషుల చేతుల మీదుగా వచ్చేది. చుట్టూ కొండల మీద ఊరికొకరు చొప్పున వాన కొలిచేవాళ్ళుండేవారు. వాకిట్లో రేకు గొట్టం, దానికో గరాటు. వాన పడగానే గొట్టంలో నీళ్ళు గాజు కొలతలో పోసి చూసి, వైర్‌లెస్‌లో డ్యామ్‌కి చెప్పేవారు. అన్నింటిలోకి పెద్ద నీళ్ళు వచ్చేది మబ్బుకొండ నుంచి. అక్కడ కొలిచే మనిషి సుక్రు. ఇతని కూతురు గంగని ఈతపుట్టులోనే ఇచ్చారు. తండ్రి పైన వాన కొలుస్తాడు, కూతురు కింద గెడ్డ దాటుతుంది. ఆ ఏడు బ్యాటరీ అయిపోయింది సుక్రు సెట్టుకే. కొత్తది పంపమని అతను చెప్పిన కబురు డ్యామ్ ఆఫీసులో ఎవరి బల్ల మీదో నిద్రపోయింది.

అందుకే వచ్చింది ఈ కంప్యూటరు. ప్రతి కొండ మీదా ఒక మిషను పెడతారు. దాని గరాటులో పడ్డ వాన లోపలున్న చిన్న దోనెలో నిండి ఒలుకుతుంది. ఒలికినప్పుడల్లా రేడియోలో డ్యామ్‌కి సంకేతం పోతుంది. కంప్యూటరు ఆ సంకేతాలన్నీ కూడి, నీళ్ళు ఎప్పుడు చేరతాయో లెక్కగట్టి, సైరన్ తనే మోగిస్తుంది. ఆ లెక్కగట్టే ప్రోగ్రాము రాయడానికి విశాఖపట్నం నుంచి సత్యకుమారి అనే అసిస్టెంటు ఇంజినీరు వచ్చింది. ముప్పై దాటని మనిషి, మాట తక్కువ. పెద్దాయన ఎంత తొందరో ఆమె అంత నిదానం. ఒక పని అయిందంటే అయినట్టే, మళ్ళీ వెనక్కి చూసుకోనక్కర్లేదు.

ఎప్పటికి పూర్తవుతుందని చీఫ్ ఇంజినీరు గారు అడిగితే, జ్యేష్ఠంలో తొలకరికి ఇచ్చేస్తాను సార్ అనేశారు సర్వేశ్వరరావు గారు. పని చెయ్యవలసిన సత్యకుమారిని ఒక్క మాట అడగలేదు. గదిలో గోడకి పెద్ద అట్ట తగిలించి రంగురంగుల గీతలు గీశారు, ఏ నెలలో ఏ పని అని. ప్రారంభోత్సవం రాతిపలక కూడా ముందే చెక్కించేశారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

చైత్రంలో మిషన్లు కొండలెక్కాలని అట్ట మీద ఎర్రగీత ఉంది. చైత్రంలో ఏజెన్సీ అంతా ఇటుకల పండగని ఆ అట్టకేం తెలుసు? మగవాళ్ళు మగవాళ్ళంతా వేటకి పోయారు. పెట్టె మోసే నాథుడు లేడు. ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా దుంగ పడేసి, జీపాపి, పండగ డబ్బులిమ్మని పాట కట్టారు. ఈయన లోపల కూర్చుని రుసరుసలాడుతుంటే సత్యకుమారి దిగి, డబ్బులిచ్చి, వాళ్ళతో చెయ్యీ చెయ్యీ కలిపి రెండడుగులేసి వచ్చింది. దారిలో మెల్లిగా అడిగింది, ఆ గీతలు గీసేటప్పుడు ఈ కొండలవాళ్ళని ఎవరినైనా సంప్రదించారా సార్ అని. ఆయన కిటికీలోంచి అడివి చూశారు.

పని వెనకబడింది. వెనకబడేసరికి కంగారు పుట్టింది. కంగారులో పట్నం నుంచి కుర్ర ఇంజినీర్లని నలుగురిని రప్పించారు, చెయ్యి సాయం పడితే బేగి అవుతుందని. వాళ్ళకి గెడ్డ తెలీదు, కొండ తెలీదు, ప్రోగ్రాము తెలీదు. సత్యకుమారికి పొద్దస్తమానం వాళ్ళకి నేర్పడంతోనే సరిపోయేది, రాయవలసింది రాయడానికి వేళ లేదు. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన. ఇది చాలనట్టు చీఫ్ గారు వచ్చిన ప్రతిసారీ ఒక కోరిక కోరేవారు. ఎలాగూ కంప్యూటరుంది కదా, కాలనీ ఇళ్ళ కరెంటు లెక్క కూడా అందులోనే వెయ్యండి. గెస్ట్‌హౌసు గదులు కూడా. అన్నిటికీ అలాగే సార్, అలాగే సార్ అనేవారు సర్వేశ్వరరావు గారు. తొలకరి వచ్చింది, వెళ్ళింది. రాతిపలక గోనెపట్టా కప్పుకుని అలాగే కూర్చుంది.

ఒకనాడు సత్యకుమారి వచ్చి, కుర్చీలో కూర్చోమన్నా కూర్చోకుండా, ఒక మాట అడిగింది.

"మనం ఇదంతా ఎందుకు మొదలుపెట్టాం సార్?"

ఆయనకి ఆ అన్నం మూట ముడి గుర్తొచ్చింది. ఆ వేళే చీఫ్ గారికి ఫోను చేసి, ఈ ఏడు సైరన్ తప్ప మరేదీ కుదరదని, మిగతావన్నీ తరవాత చూద్దామని చెప్పేశారు. కుర్రాళ్ళని పట్నం బండెక్కించారు. మనిషి తొందరవాడే గాని మూర్ఖుడు కాదండీ. చీఫ్ గారు మాత్రం ఊరికే వదల్లేదు. భాద్రపదంలో ఒక తేదీ పెట్టి, ఆ రోజు దాటకూడదన్నారు. కంప్యూటరు మొదలైన రోజునే కొండల మీద వాన కొలిచే మనుషుల పని ఆపెయ్యాలనీ, ఒకే పనికి రెండు ఏర్పాట్లు ఉండకూడదనీ అన్నారు.

ఆషాఢం వానలకి డ్యామ్ అంచుల దాకా నిండింది. ఆ నెలాఖరున వానలు కాస్త తెరిపివ్వగానే, పట్నం కూలీలతో మిషన్లు ఎత్తించి కొండకొండకీ తిరిగారు సర్వేశ్వరరావు గారు. గుంట తవ్వడం, సిమెంటు పోయడం, మిషను బిగించడం, ఒక సీసాడు నీళ్ళు గరాటులో ఒంపడం, డ్యామ్‌లో సంకేతం అందిందా అని రేడియోలో అడగడం, అందిందనగానే జీపెక్కడం. మబ్బుకొండ మీదా అంతే. అక్కడ ఎవరితోనూ పలకరింపు లేదు, ఇదేమిటో చెప్పింది లేదు. అన్ని మిషన్లూ పలికాయి, ఆయన సంతోషించారు.

శ్రావణం ఎండిపోయింది. చుట్టూ కొండల మీద ఎప్పుడైనా నాలుగు చినుకులు పడితే మిషన్లు ఒకటీ అరా పలికేవి. మబ్బుకొండ మాత్రం అసలు పలకలేదు, వైర్‌లెస్‌లో సుక్రు కూడా వాన లేదనే చెబుతున్నాడు. సత్యకుమారి మనసు ఊరుకోలేదు. వాన లేకపోతే సున్నా వస్తుంది, మిషను పనిచెయ్యకపోయినా సున్నాయే వస్తుంది, ఏది ఏదో ఎలా తెలుస్తుంది సార్ అంది. సీసా నీళ్ళకి పలికింది కదమ్మా అన్నారాయన. ఈ ఒక్క వానాకాలం పాతదీ కొత్తదీ పక్కపక్కన నడిపి, రెండూ ఒకటే చెబుతున్నాయో లేదో చూద్దామని బతిమాలింది. ఒక కాడికి రెండు జతల ఎడ్లు కడతామా అని ఆయన నవ్వేశారు. నవ్వారు గాని ఆమె ముఖం చూసి నవ్వు మధ్యలో ఆపారు. తేదీ మాత్రం మారదని చెప్పారు.

ప్రారంభోత్సవం ముందురోజున కొండల మీది వైర్‌లెస్ సెట్లన్నీ పోగుచేసుకురావడానికి బయల్దేరారు. బయల్దేరేముందు సత్యకుమారి గుమ్మంలో అడ్డంగా నిలబడింది. చివరి సెట్టు మీ చేతికొచ్చేదాకా ఇక్కడ వినే సెట్టు ఆపను సార్, దాని దగ్గర నేనే కూర్చుంటాను అంది. ఇదేం చాదస్తమమ్మా అని విసుక్కున్నారు. విసుక్కుని, సరే నీ ఇష్టం అన్నారు. ఆ సరే అన్న మాటకి ఆయన తరవాత జన్మంతా దండం పెట్టుకున్నారు.

ఒక్కో కొండా దిగుతుంటే జీపు వెనకాల సెట్లు పేరుకున్నాయి. ఇచ్చినవాళ్ళు మారుమాటాడకుండా ఇచ్చారు. మబ్బుకొండ చేరేసరికి మధ్యాన్నం తిరిగింది. ఊరంతా సందడిగా ఉంది. ఆవేళ వాళ్ళకి సామ కొత్త. కొత్త పంట వచ్చాక, దేవతకి పెట్టి ఊరంతా కలిసి కొత్త చేసేదాకా అందులో ఒక గింజ ఎవరూ నోట వెయ్యరు. మామిడికీ అంతే, చిక్కుడుకీ అంతే. చెట్టునిండా పళ్ళున్నా పిల్లలు కూడా ముట్టరు. ఊరిని కాచే నిశాని దేవత రాళ్ళ దగ్గర పొయ్యి మీద పెద్ద కుండ ఉడుకుతోంది. మంచిరోజు చూసి చెప్పే పెద్దని అక్కడ దిసారి అంటారు. ఆ దిసారి కుండ దగ్గర కూర్చుని ఒక బుట్టలోంచి కొత్త సామలూ, ఇంకో బుట్టలోంచి పాత సామలూ కలిపి పోస్తున్నాడు. సుక్రు ఎదురొచ్చి, మంచివేళకొచ్చారు బాబూ, కూకోండి, పెసాదం తినెళ్ళండి అన్నాడు.

కూర్చోవడానికి తీరికేదీ? సెట్టు తెమ్మని చెబుతూనే సర్వేశ్వరరావు గారు మిషను వైపు నడిచారు. నడిచి, దాని ముందు కొయ్యబారిపోయారు. మిషను గరాటు మూతికి అడ్డాకులు దొంతరగా వేసి, అడ్డనారతో బిగించి కట్టేసి ఉంది. చుక్క నీరు లోపలికి పోయే దారి లేదు. కట్టిన ఆకు ఎండి పసుపెక్కింది. అంటే ఎన్నాళ్ళ కిందట కట్టిందో.

కోపం వస్తే ఆయనకి ఇంజినీరు భాష పోయి బొబ్బిలి భాష వచ్చేది. ఏట్రా ఇది, ఎవడ్రా ఈ పని చేసింది అని కొండ అదిరేలా అరిచారు. సుక్రు బెదరలేదు. తప్పు చేసినవాడిలా కూడా లేడు.

"నానే కట్టేను బాబూ. అదింకా కొత్త తిన్లేదు కదా. ఊరుకంటే ముందు అది వాన తాగెత్తే దోసం. దిసారి నేటికి రోజెట్టేడు. సామ కొత్తా, దీని కొత్తా ఒకేపాలి సేద్దుమని మూసి ఉంచేం."

"మరి నాతో చెప్పొద్దా?"

"తవరు ఆగితే కదా బాబూ సెప్పడానికి. నాను పొలం కాడి నుంచి ఉరుక్కుని వచ్చీసరికి జీపు మలుపు తిరిగిపోనాది."

సుక్రు మెల్లగా మిగతాది చెప్పాడు. అతని వాకిట్లో రేకు గొట్టం పెట్టిన కాలంలో వచ్చిన ఇంజినీరు బాబు ఈ రాళ్ళ దగ్గరే కూర్చుని, దానికి కొత్త చేసేదాకా ఉండి, కోడికూర తిని వెళ్ళాడట. ఇదీ అలాగే కదా అనుకున్నారు. వాన కబురు దినదినం వైర్‌లెస్‌లో తను చెబుతూనే ఉన్నాడు కదా, ఈ కొత్తదానికి తొందరేముంది అనుకున్నాడు. తన బదులుగా వచ్చిందే ఇదని అతనికి ఎవరూ చెప్పలేదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఇక్కడ ఈయన అడగలేదు, వాళ్ళు చెప్పలేదు.

సెట్టు ఎందుకు తెమ్మంటున్నారో అప్పుడు చెప్పారు సర్వేశ్వరరావు గారు. రేపటి నుంచి నువ్వు కొలవక్కర్లేదు, మిషనే చూసుకుంటుంది అన్నారు. ఆ మాట అంటున్నప్పుడే ఆయన కళ్ళు ఆ ఆకు మీద ఉన్నాయి. సుక్రు సెట్టు ఎత్తి గుండెకి హత్తుకుని అలాగే నిలబడిపోయాడు.

"ఇది పట్టుకుపోతే మా గంగకి ఎవులు సెప్తారు బాబూ?"

కొండ వెనక నుంచి చీకటిలాంటి మబ్బు దిగి, చూస్తుండగానే వాన అందుకుంది. మామూలు వాన కాదు. పొయ్యి చుట్టూ ఆడవాళ్ళు తాటాకు గొడుగులు అడ్డం పెట్టారు. సుక్రు వాకిట్లో రేకు గొట్టం నిండి పొర్లుతోంది. పక్కనే మిషను నోటికి ఆకు కట్టుకుని, ఒక్క చినుకూ ఎరగనట్టు నిలబడి ఉంది.

డ్యామ్‌లో కంప్యూటరు ఈ క్షణంలో మబ్బుకొండ మీద వాన లేదనుకుంటోంది. నిండు డ్యామ్ మీదకి ఈ నీళ్ళు చెప్పాపెట్టకుండా పోతాయి. అవి చేరేది ఈతపుట్టు ఆడవాళ్ళు మూటలు నడుముకి దోపుకుని తోటల్లోంచి బయల్దేరే వేళకే. సర్వేశ్వరరావు గారు చెయ్యి చాచి ఆకు చించబోయారు. చించినా మిషను ఇప్పటి నుంచే లెక్కపెడుతుంది, పడిపోయిన వాన దానికి తెలీదు. చెయ్యి వెనక్కి తీసుకుని, సెట్టు పెట్టు సుక్రూ, బేగి చెప్పు అన్నారు. తనూ అక్కడే రాతి మీద కూర్చున్నారు.

సుక్రు గొట్టంలో నీళ్ళు కొలిచి, పొర్లిపోయిందని కూడా చెప్పి, గొంతు వణక్కుండా కబురు పంపాడు. ఆ రెండు మూడు క్షణాలూ గరగరా శబ్దం తప్ప ఏమీ లేదు. తరవాత సత్యకుమారి గొంతు వినిపించింది.

"విన్నాను సుక్రూ. కంప్యూటరు ఏం చెప్పినా సరే, సైరన్ నేను చేత్తో వేస్తున్నాను."

మబ్బుకొండ మీదకి సైరన్ వినపడదు. అయినా ఇద్దరూ చెవులు రిక్కించి కూర్చున్నారు. అప్పుడు సుక్రు ఆ ఆకు వైపు చూశాడు. అదేం చెయ్యబోయిందో అంతవరకూ అతనికి తట్టలేదు.

"నా సేత్తో కట్టిన ఆకే నా గుంట గంగని మింగేసును బాబూ."

"నువ్వొక్కడివే కట్టలేదులే" అన్నారు సర్వేశ్వరరావు గారు. ఆయన కళ్ళు తడిశాయి. వాన కాబట్టి ఎవరికీ తెలియలేదు.

దిసారి లేచి వచ్చాడు. ఇంత జరిగాక ఇక కొత్తెందుకని ఎవరూ అనలేదు, జరిగింది కాబట్టే కావాలన్నారు. జన్మలో మొదటిసారి సర్వేశ్వరరావు గారు ఆగారు. దిసారి మిషను కాళ్ళ దగ్గర బియ్యం పోసి, పసుపు నీళ్ళు చల్లి, పేరు పేరునా కొండల్నీ చనిపోయిన పెద్దల్నీ పిలిచి, నారకట్టు విప్పాడు. వెంటనే గరాటుని వానకి వదిలెయ్యలేదు. అరచేయి అడ్డం పెట్టి, సుక్రు చేత రేకు గొట్టంలో నీళ్ళు తెప్పించి, అవి ముందు మిషను నోట్లో పోయించాడు. ఆ తరవాతే చెయ్యి తీశాడు. అవి ఎందుకు పొయ్యాలని అడిగారు ఈయన. కుండలో పాత సామలు ఎందుకు కలిపారో కూడా అడిగారు. అడగడం ఆయనకి కొత్త, గొంతులో కాస్త తడబాటుంది.

"కొత్త గింజకి ఈ ఊరి కడుపు తెల్దు బాబూ" అన్నాడు దిసారి. "పాతదాని సెయ్యట్టుకుని దిగుద్ది."

కొంచెంసేపటికి సెట్టులో సత్యకుమారి పిలిచింది. మబ్బుకొండ మిషను పలుకుతోంది సార్, గుక్క తిప్పుకోకుండా పలుకుతోంది అంది. ఈతపుట్టు సంగతేమిటని అడిగితే, సైరన్ మోగి చాలాసేపైంది, నీళ్ళు ఇప్పుడే చేరుతున్నాయి, గేట్లు ఎత్తుతున్నారు, రేవు దగ్గర ఎవరున్నారో మాత్రం ఇక్కడి నుంచి తెలియదు అంది.

ఆకు దొప్పలో పెట్టిన సామ ప్రసాదం సర్వేశ్వరరావు గారు చివరి మెతుకు దాకా తిని లేచారు. సుక్రుని జీపెక్కమన్నారు. సెట్టు దిసారి చేతికిచ్చి, సుక్రు వచ్చేదాకా చూస్తూ ఉండమన్నారు. దారిలో డ్రైవరుతో, వెనకున్న సెట్లన్నీ రేపు పొద్దున్నే ఏ కొండవి ఆ కొండకి చేరాలి, ఒక వానాకాలమంతా రెండూ నడుస్తాయి, ఏది ముందు కూసినా సైరన్ మోగాలి అన్నారు. చీఫ్ గారు అడిగితే ఏం చెబుతారు సార్ అన్నాడు డ్రైవరు. దానికింకా కొత్త అవలేదని చెబుతానన్నారు. చీఫ్ గారు మర్నాడు అందరి ముందూ ఆయన్ని చెడామడా తిట్టారు. రాతిపలక మీద గోనెపట్టా ఇంకో ఏడు అలాగే ఉంది. ఆ ఏడు రావలసిన ప్రమోషనూ రాలేదు. అదంతా తరవాతి మాట.

ఈతపుట్టు రేవుకి చేరేసరికి ఇంకా వెలుతురు మిగిలుంది. గెడ్డ ఎర్రగా, ఒడ్డులు కోసుకుంటూ పారుతోంది. రాళ్ళ దారి ఎక్కడుండేదో ఆనవాలు లేదు. ఊరివాళ్ళు ఈవల ఒడ్డున గుంపుగా నిలబడి ఆవలికి చూస్తున్నారు. మాటలు వినపడనంత హోరు. సుక్రు జీపు ఆగకముందే దూకి, నీటి అంచు దాకా పోయి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని వెతికాడు.

ఆవలి గట్టున చెట్ల కింద తోట కూలీలు వరసగా కూర్చుని ఉన్నారు. సైరన్ విని ఎక్కడివాళ్ళు అక్కడ ఆగిపోయారు. సుక్రు వేలు చాపి, ఆ నీలం కోక మా గుంటే బాబూ అన్నాడు.

గంగ కూడా తండ్రిని చూసి లేచి చెయ్యి ఊపింది. కాసేపు నిలబడి నీళ్ళ వైపు చూసింది. ఇక ఈ పూట ఇంటికి పోవడం లేదని తెలిసి, మళ్ళీ చెట్టు కింద కూర్చుంది. నడుముకి దోపుకున్న అన్నం మూట తీసి ఒళ్ళో పెట్టుకుంది. వానకి తడిసి ముడి బిగుసుకుపోయినట్టుంది, పంటితో పట్టుకుని లాగింది. ముడి విడింది. పక్కావిడకి సగం పెట్టి, తను సగం తిన్నది. సర్వేశ్వరరావు గారు ఆవిడ తినడం అయ్యేదాకా అక్కడే నిలబడి చూశారు.